సంధ్య పేరిట వేకువ పువ్వు

పేరు తెలిసినంతనే వస్తువు తెలిసినదని తలచుట మనకు అలవాటు. పూలలోకమునందు ఈ అలవాటు మనలను తరచు మోసగించును. ఇంగ్లీషువారు ‘పింక్ ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్’ అని పిలుచు పువ్వు ఇందులకు మంచి నిదర్శనము. ఈ పేరులోని మూడు మాటలను ఒక్కొక్కటిగా తూచి చూతము. ‘పింక్’ అనగా గులాబిరంగు. అయితే ఈ జాతి మొక్కలలో చాలవరకు తెల్లగా విచ్చి, వాడునపుడు మాత్రమే గులాబిరంగునకు తిరుగును. ‘ఈవెనింగ్’ అనగా సాయంకాలము. అయితే కొన్ని సీమలలో ఈ పువ్వు వేకువను విచ్చును. ‘ప్రిమ్‌రోజ్’ అనునది ఐరోపా ఖండపు వేరొక పువ్వు. దానికిని దీనికిని చుట్టరికము లేదు. ఇట్లు మూడు మాటలలో ఏ ఒక్కటియు పూర్తిగా నిజము కాని పేరును ఈ మొక్క మోయుచున్నది. అయినను ఈ పేరులోని పొరపాట్లను సవరించుకొనుచు పోయినచో, పువ్వులు ఎందుకు విచ్చును, ఎప్పుడు విచ్చును, ఎవరికొరకు విచ్చును అను పెద్ద ప్రశ్నలకు సమాధానములు చాలవరకు లభించును.

వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఈనోథెరా స్పెసియోసా. స్పెసియోసా అనగా లాటిను భాషలో చూడముచ్చటైనది అని అర్థము. ఈ ఒక్క మాట విషయమున ఎవరికిని వివాదము లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమనున్న పచ్చికబయళ్లు దీని పుట్టినిల్లు. ఉత్తరమున నెబ్రాస్కా, కాన్సాస్, మిస్సోరి మొదలుకొని ఓక్లహోమా, టెక్సాస్ మీదుగా మెక్సికో ఉత్తరభాగము వరకు ఇది సహజముగా పెరుగును. మూరెడు ఎత్తునకు మించని మొక్క. ఆకులు సన్నగా, పొడవుగా ఉండి, అంచులందు గండ్లుపడినట్లు కనబడును. మొగ్గ తలవంచుకొని ఉండును. విచ్చు సమయమునకు తల యెత్తును. విచ్చిన పువ్వు 5 మొదలు 7 సెంటీమీటర్ల వెడల్పుగల దొన్నెవలె ఉండును. పలుచని పట్టువంటి రేకులపై ముదురు గులాబిరంగు ఈనెలు గీతలు గీచినట్లు కనబడును. రేకుల మొదట పసుపు కలిసిన ఆకుపచ్చ ఛాయ యుండును.

ఈ మొక్క కుటుంబమును గుర్తించుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. అది నాలుగు అను అంకె. రక్షకపత్రములు నాలుగు, ఆకర్షణపత్రములు నాలుగు, కేసరములు నాలుగునకు రెట్టింపు ఎనిమిది. కీలాగ్రము సయితము నాలుగు పాయలుగా చీలి శిలువ ఆకారమున నిలుచును. అండాశయము పువ్వునకు అడుగున, కాడవలె కనబడుచు ఉండును. ఒనాగ్రేసి అను ఈ కుటుంబమునకు చెందిన మొక్కలు మన తెలుగునాటను కలవు. వరిచేలలోను, చెరువుగట్లపైనను చిన్న పసుపుపూలు పూచుచు, లవంగమును పోలిన కాయలు కాయు లడ్విజియా మొక్కలు ఈ కుటుంబములోనివే. కలుపుగా భావించి రైతు పెరికి పారవేయు ఆ మొక్కను చేతికి తీసికొని, పూవు క్రిందనున్న కాయను, పైనున్న రేకులను పరిశీలించినచో, సప్తసముద్రముల కావలనున్న ఈ గులాబిపువ్వుయొక్క వంశలక్షణములు మన పొలములోనే తెలియగలవు.

శాస్త్రలోకమునకు ఈ మొక్కను పరిచయము చేసినవాడు థామస్ నట్టాల్. ఆయన 1786లో ఇంగ్లండునందలి యార్క్‌షైరులో జన్మించి, బాల్యమున అచ్చుపని నేర్చుకొని, 1808లో అమెరికా చేరెను. అచ్చుకూటమున అక్షరములు కూర్చుట వృత్తిగా ఆరంభించిన ఆ యువకునకు మొక్కలపై గల మక్కువ క్రమముగా సర్వస్వమైనది. 1818లో ఫిలడెల్ఫియా నగరమునుండి బయలుదేరి, నాడు అర్కాన్సా ప్రాంతమని పిలువబడిన విశాలభూభాగమున సంచరించెను. దారితెన్నులు సరిగా లేని ఆ దేశమున జ్వరపీడితుడయ్యును మొక్కలను, విత్తనములను సేకరించుట మానలేదు. తిరిగి వచ్చిన పిదప, ఆ ప్రాంతమునుండి వచ్చి ఫిలడెల్ఫియా తోటలలో క్రొత్తగా నాటబడిన మొక్కలను వర్ణించుచు 1821లో ఒక వ్యాసము ప్రకటించెను. ఈ పువ్వునకు స్పెసియోసా అను పేరు అందులోనే తొలిసారి అచ్చయినది. గమనింపవలసిన విశేషమేమనగా, ఈ మొక్క శాస్త్రగ్రంథములకును ఉద్యానములకును ఒకే కాలమున ప్రవేశించినది. అడవిపువ్వుగాను, తోటపువ్వుగాను దీనికి గల ద్వంద్వజీవితము ఆనాడే ప్రారంభమైనది.

ఇక దీని కాలనియమమును గూర్చి ముచ్చటింతము. సాయంకాలము విచ్చు పువ్వులు మనకు క్రొత్తవి కావు. మన పెరళ్లలోని చంద్రకాంత ప్రొద్దు వాలిన పిమ్మట విచ్చును. మల్లెమొగ్గ సంధ్యవేళ విచ్చి పరిమళించును. పారిజాతము రాత్రి పూచి, తెల్లవారుసరికి నేలరాలును. అట్లే ఈనోథెరా ప్రజాతిలోని అనేకజాతులు సూర్యాస్తమయమున విచ్చును. పసుపుపూలు పూచు కొన్నిజాతులలో మొగ్గ విచ్చుట ఎంత వేగముగా జరుగుననగా, ప్రక్కన నిలిచి చూచువారి కనులయెదుటనే రక్షకపత్రములు వెనుకకు మడిగి, రేకులు విడివడును. ఈ కారణముననే ఆ ప్రజాతి కంతకును ‘ఈవెనింగ్’ అను బిరుదు వచ్చినది.

గులాబిరంగు జాతి మాత్రము ఒకే నియమమునకు కట్టుబడి యుండలేదు. దీని నివాసభూమిలో ఉత్తరపుభాగమునందు పెరుగు మొక్కలు సాయంకాలము తెల్లని పూలు విచ్చును. ఆ తెలుపు మరునాటికి గులాబిరంగునకు మారును. దక్షిణమున టెక్సాస్ ప్రాంతములందు పెరుగు మొక్కలు ఆదినుండియు గులాబిరంగు పూలనే పూచును. అవి వేకువజామున విచ్చి పగలెల్ల నిలుచును. ఉత్తరదక్షిణములను బట్టి ఒకే జాతి రంగును, గడియారమును రెంటిని మార్చుకొన్నదన్న మాట. ఈ చమత్కారమును చక్కగా పట్టుకొన్నవారు జపానువారు. వారి భాషలో ఈ మొక్కకు ‘హిరుజాకి త్సుకిమిసో’ అని పేరు. దాని అర్థము ‘పగటివేళ పూచు వెన్నెలచూపు మొక్క’ అని. వెన్నెలను చూచుటకు పుట్టిన మొక్క పగలు పూచుట ఏమని ఆశ్చర్యపడినవారి పెదవులనుండి వెలువడిన పేరువలె నున్నది.

పువ్వు తెలుపునుండి గులాబిరంగునకు మారుట సయితము మనకు అపరిచితము కాదు. గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు మండలములందలి పత్తిచేలను చూచినవారికి ఇది నిత్యానుభవము. పత్తిపువ్వు మొదటిదినమున మీగడరంగున విచ్చి, రెండవదినమున గులాబిరంగునకు తిరిగి, పిదప ముడుచుకొని రాలును. ఇంటి ముంగిట పందిరిపై ప్రాకు రాధామనోహరము సాయంకాలము తెల్లగా విచ్చి, మరునాడు గులాబిరంగును, ఆపైన ఎరుపును ధరించును. అందుచేతనే ఒకే గుత్తిలో మూడురంగుల పూలు మనకు కనబడును. తెలియనివారు అవి మూడువిధముల పూలని తలతురు. నిజమునకు అవి మూడు వయసుల పూలు.

అయితే పువ్వు రంగును, వేళను ఎన్నుకొనుటకు మూలకారణమేమి? మొక్క నడువలేదు. తన పుప్పొడిని మరియొక మొక్కకు చేర్చుటకు దానికి దూతలు కావలెను. సంధ్య దాటిన పిమ్మట సంచరించు దూతలలో ముఖ్యమైనవి శలభములు. అందులో ఒకతెగ డేగవలె వడిగా ఎగురునందున, ఇంగ్లీషువారు వానిని ‘హాక్‌మాత్’ అందురు. ఇవి పువ్వుపై వాలవు. దానియెదుట గాలిలో నిలిచి, చుట్టచుట్టియున్న పొడవైన నాలుకను చాచి, పువ్వునడుమ గొట్టమున అట్టడుగున నున్న మకరందమును పీల్చును. మసకచీకటిలో ఎరుపు కనబడదు, తెలుపు కనబడును. కనుక రాత్రి అతిథులకొరకు విచ్చు పువ్వునకు తెల్లని దుస్తులు తగినవి. పగటి అతిథులైన తేనెటీగలకు ఆ నిర్బంధము లేదు. వేకువను విచ్చు పువ్వు వన్నెలు ధరించి వారిని పిలువవచ్చును. ఈ జాతికి శలభములును, తేనెటీగలును రెండును పరిచారకులే.

ఈ పూల పుప్పొడియందు మరియొక విశేషము కలదు. సామాన్యముగా పుప్పొడి రేణువులు విడివిడిగా, పొడిగా ఉండును. ఒనాగ్రేసి కుటుంబమునందు మాత్రము రేణువులనుండి సన్నని జిగురుదారములు బయలుదేరి ఒకదానితో ఒకటి పెనగొనును. పురుగు ఒక్కమారు కేసరమును తాకినచో, ఒక రేణువు కాక ఒక సరమే దానివెంట వచ్చును. అండాశయమునందు ఫలదీకరణము పొందవలసిన అండములు పెక్కు గనుక, ఒక్క రాకతో అనేకరేణువులు చేరుట మొక్కకు ఎంతయు లాభకరము. టెక్సాసులో పిల్లలు ఈ పువ్వును ముక్కునకు తాకించుకొని, ముక్కుకొన పసుపైనదని నవ్వుకొందురు. ‘బటర్‌కప్’ అనగా వెన్నదొన్నె అని అచటివారు దీనిని పిలుచుటకు ఆ పసుపుపొడియే కారణము. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూచు జిగురుదారముల మహిమను ఆ పిల్లలు ముక్కుతోనే కనుగొన్నారు!

దూతలపై ఈ మొక్క ఇంతగా ఆధారపడుటకు బలమైన హేతువు కలదు. ఇది తన పుప్పొడితో తాను గర్భము ధరింపదు. తన పుప్పొడి తన కీలాగ్రముపై పడినను గింజ కట్టదు. మరియొక మొక్క పుప్పొడి రావలసినదే. ఈ నియమమువలన సంతతికి వైవిధ్యము లభించును. ఒక ఏడు వానలు తప్పినను, ఒక తెగులు సోకినను, వేర్వేరు గుణములుగల సంతతిలో కొన్నియైనను నిలుచును. పచ్చికబయళ్లవంటి కఠినప్రదేశమున ఇది చిన్న సదుపాయము కాదు.

అయితే దూత రాని ఏడు గతి యేమి? అందులకు ఈ మొక్క రెండవ మార్గమును సిద్ధపరచుకొన్నది. నేలలోపల అడ్డముగా ప్రాకు భూగర్భకాండములను పంపి, అక్కడక్కడ క్రొత్త పిలకలను లేపును. ఒక్క మొక్క కొన్ని ఏండ్లలో ఒక మడిగా విస్తరింపగలదు. పైకి నూరుమొక్కలుగా కనబడు ఆ మడి యంతయు వాస్తవమునకు ఒకే మొక్క. అందుచేత మిత్రుడు ఇచ్చిన ఒక్క పిలకను తెచ్చి నాటినవారి తోటలో పూలు విరివిగా పూయవచ్చును, మడి నానాటికి పెరుగవచ్చును, గింజలు మాత్రము పట్టవు. గింజ పట్టవలెనన్నచో వేరొక విత్తనమునుండి పుట్టిన మొక్క సమీపమున ఉండవలెను. తోటమాలి ఆశ్చర్యపడు ఈ విషయమునకు రహస్యము ఇంతియే.

ఈ ప్రజాతికే చెందిన వేరొక జాతిని గూర్చిన ఒక పరిశోధన రేడియో వినువారికి ప్రత్యేకముగా రుచింపదగినది. సముద్రతీరపు ఇసుకనేలలో పసుపుపూలు పూచు ఈనోథెరా డ్రమ్మాండీ అను మొక్కపై టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లిలాక్ హడానీ మరియు ఆమె సహచరులు ప్రయోగములు చేసి 2019లో ఫలితములను ప్రకటించిరి. ఎగురుచున్న తేనెటీగ రెక్కలచప్పుడును ముద్రించి, ఆ ధ్వనిని పువ్వునకు వినిపించిరి. 3 నిమిషములలోపల ఆ పువ్వులోని మకరందము మరింత తీయనైనది. అటువంటి స్వరస్థాయిగల కృత్రిమధ్వనికిని పువ్వు అట్లే స్పందించినది. అతిహెచ్చు స్థాయిధ్వనికి స్పందింపలేదు. ధ్వనితరంగములకు రేకులు కంపించుటను వారు కొలిచి చూచిరి. దొన్నెవంటి రేకుల అమరిక చెవివలె పనిచేయుచున్నదని వారి ఊహ. అతిథి అడుగులచప్పుడు విని పానకములో చక్కెర మరికొంత కలుపు ఇల్లాలివంటిది ఆ పువ్వు. ఈ ఫలితము పసుపుజాతియందు కనుగొనబడినదే కాని గులాబిజాతియందు కాదని మాత్రము మరువరాదు.

ఈనోథెరా మొక్కలు శాస్త్రజ్ఞులను పరీక్షించుట ఇది మొదటిమారు కాదు. 1886లో హాలండుదేశపు శాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్, హిల్వర్సమ్ అను ఊరి సమీపమున పాడుపడిన బంగాళాదుంపల పొలములో ఈ ప్రజాతికి చెందిన పసుపుపూల మొక్కలను చూచెను. వానిలో తల్లిని పోలని బిడ్డలు హఠాత్తుగా పుట్టుటను గమనించి, క్రొత్తజాతులు ఇట్లే ఆకస్మికముగా ఏర్పడునని ‘ఉత్పరివర్తన’ సిద్ధాంతమును 1901 మొదలు 1903 వరకు ప్రకటించెను. తరువాతి తరముల పరిశోధకులు వేరొక సంగతి కనుగొనిరి. మామూలుగా క్రోమోసోములు జంటలు జంటలుగా కూడును. ఈ మొక్కలలో కొన్నింటియందు అవి ఒకదానికొకటి కొనలు కలుపుకొని వలయములుగా ఏర్పడును. డి వ్రీస్ చూచిన వింతలలో చాలవరకు ఈ వలయపు అమరికవలన కలిగినవే. ఆయన చూచినది నిజము. దానికి ఆయన చెప్పిన కారణము మాత్రము నిలువలేదు. అయినను ఉత్పరివర్తనమను భావన జీవశాస్త్రమున స్థిరపడినది.

ఈ వలయముల ప్రస్తావన మనలను మన కొండలకు చేర్చును. గులాబిరంగు పూలుగల ఈనోథెరా మరియొకటి కలదు. దాని పేరు ఈనోథెరా రోజియా. మెక్సికోనుండి దక్షిణ అమెరికా పర్వతప్రాంతముల వరకు దాని స్వదేశము. మెక్సికో పల్లెలవారు దానిని ‘దెబ్బల మూలిక’ అను అర్థముగల పేరుతో పిలిచి, కమిలిన దెబ్బలకు వాడుట పరంపరగా వచ్చుచున్నది. దాని రేకు సెంటీమీటరునకు మించదు. అక్కవలె ఇది దూతలకొరకు వేచియుండదు. తన పుప్పొడితో తానే గింజ కట్టును. దాని 14 క్రోమోసోములును ఒకే వలయముగా ఏర్పడుటవలన, సంతతి యంతయు తల్లిని పోలియే పుట్టును. నీలగిరి, పళని కొండలయందును, హిమాలయసానువులయందును ఈ మొక్క బాటలప్రక్కన నాటుకొనిపోయినది. ఉదకమండలమునకు విహారయాత్ర వెళ్లు మనవారు గోడమొదలున, కాలిబాట అంచున చిన్న గులాబిపూలుగల ఈ మొక్కను దాటియే పోవుచుందురు.

అక్కచెల్లెండ్ర ఈ తేడా ఆలోచింపదగినది. పెద్దపూవు గల అక్కకు తోడు మొక్క కావలెను, తుమ్మెదయో శలభమో కావలెను. చిన్నపూవు గల చెల్లెలికి ఏదియు అక్కరలేదు. ఒక్క గింజ ఒక క్రొత్తదేశమున పడినను, ఆ ఒక్కదానినుండియే ఒక వంశము వృద్ధిపొందగలదు. దూరదేశములను ఆక్రమించు మొక్కలలో ఇట్టి స్వయంఫలదీకరణశక్తి గలవి మెండుగా ఉండుటకు కారణమిదియే. ఆకర్షణ తక్కువైన మొక్కయే దూరప్రయాణము చేసినది.

ఇంతవరకు పువ్వు కథ. ఇక మనుష్యుల కథ. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున రహదారుల శాఖవారు 1932లో జాక్ గబెల్స్ అను ఉద్యాననిపుణుని నియమించిరి. రహదారుల ఇరువైపుల సహజముగా పెరుగు పూలమొక్కలను కాపాడి వృద్ధిచేయుట ఆయనకు అప్పగించిన పనులలో నొకటి. 1934 నాటికి ఆ శాఖ ఒక నియమము చేసికొన్నది: ప్రయాణికుల భద్రతకు అవసరమైన చోట్ల తప్ప, వసంతమునను వేసవి ఆరంభమునను పూచు మొక్కల కాలము ముగియువరకు బాటప్రక్కల పచ్చికను కోయరాదు. ఈ నియమమునకు ధనవ్యయము లేదు. ఓపిక ఒక్కటే కావలెను. పూచిన మొక్క గింజ రాల్చువరకు కొడవలి ఆగినచో, మరుసటి ఏటికి విత్తులు తామే నాటుకొనును. ఆపైన ఆ శాఖవారు విత్తనములు చల్లుటయు ఆరంభించిరి. నీలవర్ణపు బ్లూబానెట్ పూలతోపాటు మన గులాబిపువ్వును ఆ బాటలకు అలంకారమైనది. వేరులు నేలను పట్టియుంచుటవలన గట్లు కోసుకొనిపోవు. మొక్క ఆ నేలకు పుట్టినది గనుక నీరు పోయనక్కరలేదు.

ఆ రాష్ట్రమునకు చెందిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్ ఈ ఆశయమును దేశవ్యాప్తము చేయుటకు పూనుకొనెను. ఆమె ప్రోత్సాహమున 1965లో రహదారుల సౌందర్యీకరణ శాసనము వచ్చినది. 1982లో ఆమె నటి హెలెన్ హేస్‌తో కలిసి, ఆస్టిన్ నగరమున దేశీయ వన్యపుష్పముల పరిశోధనకేంద్రమును నెలకొల్పెను. ప్రతి సీమయందును ఆ సీమకు పుట్టిన మొక్కలే పెరుగవలెనని ఆమె ఆశయము. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరములందు స్థిరపడిన తెలుగుకుటుంబములు నేడు వేలసంఖ్యలో కలవు. వసంతమున బాటప్రక్క పూలనడుమ పిల్లలను కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీయు ఆ సీమ ఆచారము వారికిని అలవడినది. ఆ చిత్రములలో నీలిపూల ప్రక్కన కనబడు గులాబిదొన్నెలు తరచుగా ఈ పువ్వులే.

అయితే టెక్సాసులో మేలైన గుణమే వేరొకచోట దోషమగును. నేలక్రింద ప్రాకు ఆ కాండములు గట్టును కాపాడినట్లే పూలమడిని ఆక్రమించును. పెరటిలో నాటినవారు రెండుమూడేండ్లకు తోటి మొక్కలు దీనిక్రింద అణగిపోవుటను చూచి, త్రవ్వి తీయబోవుదురు. మట్టిలో మిగిలిన చిన్నతునకనుండి అది మరల లేచును. అందచందములను చూచి పరదేశపు మొక్కను ఆహ్వానించుటలోని అపాయము మనకు తెలియనిది కాదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఊదారంగు పూలకొరకు మన దేశమునకు తేబడిన గుర్రపుడెక్క చెరువులను, కాలువలను ఎట్లు కప్పివైచినదో డెల్టాప్రాంతపు రైతులు చెప్పగలరు. కనుక విదేశములనుండి బంధువులు పంపిన విత్తనములతో ఈ మొక్కను పెంచదలచువారు కుండీకే పరిమితము చేయుట మేలు. కుండీని మట్టిపై కాక రాతిపలకపై ఉంచవలెను. తీసివేసిన వేళ్లను చెరువుగట్టునను, కాలువలోను పారవేయరాదు. విదేశమునుండి విత్తనములు తెచ్చుటకు ప్రభుత్వనియమములు కలవని మరువరాదు.

ఇంటి ఇల్లాండ్రకు మరియొక హెచ్చరిక అవసరము. మందులదుకాణములలో ‘ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె’ అను గుళికలు విక్రయింపబడుచున్నవి. ఆ నూనె ఈ గులాబిపువ్వునుండి తీసినది కాదు. ప్రధానముగా ఈనోథెరా బయెన్నిస్ అను పసుపుపూల జాతి గింజలనుండి తీసినది. గామా లినోలెనిక్ ఆమ్లమను క్రొవ్వుపదార్థము అందులో కలదు. చర్మమునకు సోకు ఎగ్జిమాకును, స్త్రీల రొమ్మునొప్పులకును అది మంచిదని ఎన్నో ఏండ్లు ప్రచారము జరిగినది. అందుకై బ్రిటనులో ఇచ్చిన ఔషధానుమతులను, గుణము తగినంత నిరూపితము కాలేదని 2002లో ఉపసంహరించిరి. 2013లో కాక్రేన్ సంస్థవారు 27 పరిశీలనలను సమీక్షించి, నోటిద్వారా తీసికొన్న ఈ నూనె ఎగ్జిమాకు ఉత్తుత్తి గుళికకంటె మిన్నగా పనిచేయలేదని తేల్చిరి. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడుచున్నవారు వైద్యుని అడుగక దీనిని వాడరాదు. పువ్వు అందమును చూచి నూనె గుణమును నమ్ముట, పేరును చూచి వేళను నమ్ముటవంటిదే.

చివరకు మనము నేర్వదగినదేమి? టెక్సాసు గులాబిపువ్వును తెచ్చి మన బాటలప్రక్కన చల్లుట కాదు. ఆ పువ్వువిషయమున అచటివారు చూపిన ఓపికను మన పూలవిషయమున మనము చూపుట. తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు ఎవరును నాటక, ఎవరును నీరుపోయక, బీళ్లలోను, డొంకలలోను బంగారమువలె పూచును. దానిప్రక్కనే గునుగు తెల్లని కుచ్చులు వేయును. బతుకమ్మ పండుగకు ఆడపడుచులు పేర్చు పూలలో ఈ రెంటికిని పెద్దపీట. బాటలు వెడల్పగుచు, బీళ్లు ఇండ్లస్థలములగుచు, గట్లపై కలుపుమందులు చల్లబడుచున్నకొలది, పల్లెవెలుపలికి పోయి కోసికొని వచ్చిన పూలను కొందరు అంగడిలో కొనవలసివచ్చుచున్నది. పండుగ పూలు అంగడివస్తువు లగుట ఒక సీమకు చిన్న నష్టము కాదు.

గట్టున ఉన్న తంగేడును గింజ రాలువరకు కొట్టకుండుటకు ఏ పంచాయతికిని ఖర్చు కాదు. బడిపిల్లలు తమ ఊరి బాటప్రక్క ఏ పువ్వు ఏ నెలలో, ఏ వేళ విచ్చుచున్నదో, దానిపై ఏ పురుగు వాలుచున్నదో ఒక పుస్తకమున వ్రాసికొనుటకు ఏ పరికరమును అక్కరలేదు. ఒక జాతి పువ్వు ఉత్తరమున సంధ్యను, దక్షిణమున వేకువను విచ్చునని తెలిసినది ఇట్టి ఓపికగల పరిశీలనవలననే. ఈ సాయంకాలము పెరటిలో చంద్రకాంత విచ్చు నిమిషమును గడియారము చూచి గుర్తించుటతో ఆ పని ప్రారంభింపవచ్చును.